వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా

ఇంజిను అడుగున ఆయిలు నిలవుండే రేకు తొట్టిని విప్పి, మెకానిక్కు దాన్ని తెచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద పెట్టాడు. అందులో ఆయిలు లేదు. నల్లటి ముద్ద ఉంది. ఆయన చూపుడువేలితో దాన్ని ఒకసారి గీశాడు. గీసిన గాడి గీసినట్టే ఉండిపోయింది, పూడుకోలేదు. మాడిన కొవ్వు వాసనలాంటిదేదో ముక్కుకి తగిలింది.

"సూడండి మేస్టారూ, ఇది ఇంజినా, మురిక్కాలవా?" అన్నాడు.

ఆయిలు మార్చి ఎన్నాళ్లయిందని అడిగాడు. కిందటేడే మార్చానని చెప్పాను. అబద్ధం. మూడేళ్లు దాటింది. ఆయన నా మొహం కేసి కూడా చూడలేదు. లేచి చేతులు గుడ్డకి తుడుచుకుని, కారు ముందు తలుపు తీసి, స్టీరింగు వెనకున్న మీటర్ల అద్దం మీద గోటితో ఏదో గీకాడు. ఒక చిన్న నల్ల టేపు ముక్క ఊడి ఆయన వేలికి అంటుకుంది. దాన్ని అలాగే వేలి మీద నిలబెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు.

ఆ టేపు వేసింది నేనే. ఆయిలు అయిపోయిందని చెప్పే ఎర్ర దీపం కొన్ని నెలలుగా వెలిగి ఆరుతూ ఉండేది. చీకటి పడ్డాక కళ్లలో పొడుస్తోందని ఒక రోజు దాని మీద టేపు అంటించాను. అంటించాక నిజంగానే హాయిగా అనిపించింది.

"ఇంత సదువుకున్నారు," అన్నాడు మెకానిక్కు. ఆ మాటలో తిట్టు లేదు, రోత ఉంది. పెరట్లో చచ్చిన ఎలకని చీపురుతో తోసేటప్పుడు మనిషి గొంతులో ఉండే రోత.

నేను చోడవరంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్తాను. పాత డీజిలు కారు ఒకటి ఉంది, ఇద్దరు ముగ్గురు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. కొన్నాక దాన్ని తోలడమే తప్ప దాని బాగోగులు నేనెప్పుడూ చూడలేదు. నీళ్లు తగ్గితే పోశాను, గాలి తగ్గితే కొట్టించాను. చివరికి ఒక ఆదివారం కె.కోటపాడు నుంచి వస్తుంటే బోనెట్టు కింద ఎవరో రేకు డబ్బా మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. పాట పెద్దది చేసి ఇంకో రెండు కిలోమీటర్లు వచ్చాను. అక్కడ బండి ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది. చెరుకు దింపేసి తిరిగొస్తున్న ట్రాక్టరొకటి తాడు కట్టి మెకానిక్కు షెడ్డు దాకా లాక్కొచ్చింది. నా బతుకులో అంత నెమ్మదిగా, అంతమంది చూస్తుండగా చోడవరంలోకి ఎప్పుడూ రాలేదు.

ఇంజిను మొత్తం దింపాలన్నాడు మెకానిక్కు. దింపాడు. పిస్టన్లు ఆడే గొట్టాలని, అంటే బోర్లని, కోయించడానికి ఇంజిను దిమ్మని విశాఖపట్నం పంపించాడు. కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ కొత్త రింగులు, బేరింగులు, ఇంకా నాకు పేర్లు తెలియని చిన్నా పెద్దా ముక్కలు తెప్పించాడు. యాభై దాటిన మనిషి, చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా నల్లగా ఉండేవి. కానీ ఆ ఇంజిను బిగించేటప్పుడు మాత్రం ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. ఒక్కో ముక్కనీ డీజిల్లో కడిగి, తెల్లటి పాత పంచె మీద వరసలో పెట్టుకునేవాడు. రోజూ స్కూలు అయ్యాక నేను వెళ్లి స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని. నా కారు కడుపులో అంత శుభ్రమైన వస్తువులు ఉంటాయని నాకు తెలీదు. కోసి వచ్చిన బోరులోకి టార్చి వేసి చూపించాడు ఒక రోజు. లోపలి గోడ మీద సన్నటి గీతలు, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ, చాప అల్లికలాగా ఉన్నాయి. ఆ గీతల గరుకు మీద రింగులు అరిగి అరిగి గోడకి సరిగ్గా కుదురుకోవాలని, అది కుదిరేదాకా బండి పచ్చి బాలింతలాంటిదని చెప్పాడు. ఆ బాలింత అన్న మాట నా బుర్రలో దిగబడిపోయింది. మిగతా మాటలు దిగలేదని తరవాత తెలిసింది.

ఇంజిను మళ్లీ మోగిన రోజు మా ఆవిడ కూడా షెడ్డుకి వచ్చింది. ఆఫీసు నుంచి వస్తూ నాతో పాటు ఆగింది. మెకానిక్కు ఇద్దరికీ జాగ్రత్తలు చెప్పాడు. వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా అరవై దాటొద్దు. బరువులేసి లాగించొద్దు. ఐదొందలకి ఒకసారి, వెయ్యికి ఒకసారి ఆయిలు మార్చాలి. ఊరికే నిలబెట్టి ఇంజిను ఆడించొద్దు. ఒకే వేగంలో పోకండి, మధ్యమధ్యలో కాస్త గట్టిగా నొక్కి వదులుతూ ఉండండి, అప్పుడే రింగులు కూర్చుంటాయి అన్నాడు. నేను తలూపుతూనే ఉన్నాను. కొత్త ఇంజిను చప్పుడు వింటున్నాను తప్ప ఆయన మాట వినలేదు. వద్దు, వద్దు అన్నవాటిలో మొదటి రెండు మాత్రం చెవిన పడ్డాయి. వద్దు అన్నవాటికి ఇంకో నాలుగు వద్దులు నేనే కలుపుకున్నాను.

అరవై వద్దన్నాడు, నేను నలభై దాటలేదు. బరువు వద్దన్నాడు, నేను మనుషులెవర్నీ ఎక్కనివ్వలేదు. మూడేళ్లు దాని మొహం చూడని వాణ్ని, ఇప్పుడు దాని మీద ఈగ వాలనివ్వలేదు. పొద్దున్నే లేచి ఇంటి ముందు ఇంజిను స్టార్టు చేసి, పదిహేను ఇరవై నిమిషాలు బోనెట్టు ఎత్తి దాని చప్పుడు వింటూ నిలబడేవాణ్ని. పక్కింటావిడ దండెం మీద ఆరేసిన బట్టలన్నీ డీజిలు కంపు కొడుతున్నాయని మా ఆవిడతో చెప్పింది. మా ఆవిడ నాతో చెప్పింది. బట్టలు ఇంకోవైపు ఆరేసుకోమని చెప్పించాను.

ఒకరోజు స్కూలుకి వెళ్తుంటే మా తెలుగు మాస్టారు దారిలో చెయ్యెత్తారు. ఆయనకి మోకాళ్ల నొప్పి. అద్దం దించి, కొత్త ఇంజిను, ఇంకా రన్నింగులో ఉందండీ, బరువెయ్యకూడదన్నారని చెప్పి పోనిచ్చాను. నేను పోయే వేగానికి ఆయన చాలాసేపు అద్దంలో కనిపిస్తూనే ఉన్నారు, గొడుగు ఊతకర్రలా నేలకి పొడుచుకుంటూ. స్కూలు గేటు దగ్గర బండి ఆపి తాళం వేస్తుండగానే ఆయనా వచ్చేశారు. "పర్లేదు మేస్టారూ, ఇద్దరం ఒక్కపాలే వచ్చేం," అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు నాకు తెలిసింది. కోపం ఆయన మీదే వచ్చింది.

అది గానుగాట కాలం. రోడ్ల నిండా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు. పంచదార ఫ్యాక్టరీ వైపు నుంచి పులిసిన మడ్డి వాసన సాయంత్రాలు ఊరంతా కమ్ముకునేది. నేను సాయంత్రం ఒకసారి దేవరాపల్లి రోడ్డు, ఒకసారి కోటపాడు రోడ్డు పట్టుకుని, ఖాళీ కారులో ఒక్కణ్నే నలభైలో పోయేవాణ్ని. చెరుకు ట్రాక్టర్లు హారను కొట్టి నన్ను దాటేవి. ఆటోలో ఆడవాళ్లు కారులోకి వంగి చూసి నవ్వుకునేవారు. నాకు సిగ్గనిపించలేదు. వీళ్లకేం తెలుసు అనుకునేవాణ్ని.

ఇంజిను బిగించాక మీటరు మూడొందలు దాటిన రోజుల్లో మా మావగారికి కంటి ఆపరేషను ఖాయమైంది. ఆయనది దేవరాపల్లి అవతల ఊరు. చెరుకు రైతు. కుడికంట్లో శుక్లం ముదిరిపోయి, కోత కత్తి ఎక్కడ పెట్టారో కూడా తడుముకునే స్థితికి వచ్చారు. కొడుకు కోతల్లో మునిగి ఉన్నాడు, ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు పిలుపొస్తే అప్పుడు చెరుకు పంపాలి. అందుకని అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లే పని మా ఆవిడ మీద పడింది. ఆయన ముందురోజు మా ఇంటికొచ్చి ఉన్నారు. రెండో శనివారం, నాకు స్కూలు సెలవు.

శుక్రవారం వంటింట్లో కూరగాయలు తరుగుతూ మా ఆవిడ అడిగింది. అడగడం కూడా కాదు, కారులో వెళ్లిపోదాం అని మామూలుగా అంది. నేను కుదరదన్నాను. ముగ్గురం అవుతాం, అనకాపల్లి ఊళ్లో ఆగుతూ కదులుతూ పోవాలి, ఇంజిను వేడెక్కిపోతుంది, ఇంకా మూడొందల చిల్లరే తిరిగింది అన్నాను.

"మెకానిక్కు అలాగ సెప్పలేదండీ. మద్దిమద్దిన నొక్కి వదలమన్నాడు. మనుసుల్ని ఎక్కించొద్దని ఎక్కడన్నాడు?" అంది.

నీకేం తెలుసు ఇంజిను సంగతి అన్నాను. ఆ తరవాత, ఇప్పటికీ తలుచుకుంటే నా నోరు నాకే కంపు కొట్టే మాటొకటి అన్నాను. బస్సు అయితే మీ నాన్నకి కుదుపులు కూడా తక్కువ అన్నాను. ఆవిడ కత్తిపీట దగ్గర తలెత్తి నన్ను చూసింది. తరవాత మళ్లీ వంకాయ కొయ్యడం మొదలుపెట్టింది. హాల్లో కూర్చున్న మావగారికి అంతా వినబడే ఉంటుంది. ఆయన బయటికొచ్చి, బస్సులోనే సుఖం బాబూ, కిటికీ పక్కన కూకుంటే గాలొస్తాది అన్నారు.

శనివారం పొద్దున్నే వాళ్లిద్దరూ బస్సుకి వెళ్లారు. మధ్యాహ్నం నేను అన్నం తిని కారు తీశాను. సెలవు రోజు కదా, కాస్త దూరం తిప్పితే మీటరు ముందుకెళ్తుందని అనకాపల్లి రోడ్డు పట్టుకున్నాను. వాళ్లు అక్కడే ఉన్నారన్న సంగతి నాకు తట్టలేదని చెప్పుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది. తట్టింది. సాయంత్రం బస్సుకి వస్తారులే అనుకున్నాను. అనకాపల్లి పొలిమేర దాకా వెళ్లాను. ఊళ్లోకి వెళ్తే రద్దీ, ఆగి ఆగి పోవాలి, ఇంజినుకి మంచిది కాదు. అక్కడే బండి తిప్పేశాను. అక్కడి నుంచి ఆసుపత్రి ఎంతో దూరం లేదు.

తిరిగొస్తున్నాను. నలభై. ఎండ తిరిగింది, రోడ్డు మీద చెరుకాకు, దుమ్ము లేస్తున్నాయి. వెనక నుంచి ఆటో ఒకటి హారను మీద హారను కొడుతూ వచ్చింది. ఎదురుగా ట్రాక్టరు ఉండడంతో కాసేపు నా వెనకే ఉండి, అది పోగానే పక్కకొచ్చింది. దాటుతూ నా కిటికీకి సమానంగా కాసేపు నడిచింది. నేను తల తిప్పి చూశాను.

ఆటో నిండా జనం. బయటి అంచున, ఒక తొడ లోపల, ఒక తొడ బయట, మావగారు కూర్చుని ఉన్నారు. కుడికంటికి తెల్లటి దూది కట్టు వేసి, పైన ప్లాస్టరు అంటించారు. దుమ్ము పడకుండా తువ్వాలు ఆ కంటి మీద ఒక చేత్తో అదుముకుని, రెండో చేత్తో ఆటో కమ్మీ పట్టుకున్నారు. ఆయన వెనక మా ఆవిడ, ఎవరి ఒళ్లోనో సగం కూర్చుని, ముందుకి వంగి ఆయన చొక్కా గుప్పెట్లో బిగించి పట్టుకుంది, పడిపోకుండా. ఆవిడ నన్ను చూసింది. నా పక్క సీటు చూసింది. వెనక ఖాళీ సీటు చూసింది. మొహం అటు తిప్పేసుకుంది.

మావగారు కూడా చూశారు. చూసి, నవ్వారు. కంటి మీది తువ్వాలు కాస్త ఎత్తి, ఆ చేత్తోనే నాకు చెయ్యూపారు.

ఆటో దాటిపోయింది. బస్సు దొరక్క ఎక్కినట్టున్నారు. హారను కొట్టి ఆపొచ్చు. దాన్ని దాటి అడ్డం పెట్టొచ్చు. ఆటో వేగం యాభై ఉంటుందేమో, యాభై ఐదు ఉంటుందేమో. నేను నొక్కలేదు. నా కాలు నలభై దగ్గర బిగుసుకుపోయి ఉంది. చెరుకాకు ఎగరేసుకుంటూ ఆ ఆటో చిన్నదైపోతుంటే చూస్తూ, ఇప్పుడింక ఆపి ఏం లాభం, వాళ్లు ఎలాగూ సగం దూరం వచ్చేశారు అని లెక్క కట్టుకున్నాను. లెక్కల మాస్టర్ని కదా.

నేను ఇల్లు చేరేసరికి మావగారు వీధరుగు మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ పక్కింటావిడా, ఎదురింటాయనా, గుమ్మంలో మా ఆవిడ. ఆపరేషను ఎలా జరిగిందని అడుగుతున్నారు. నేను కారు దిగుతుంటే ఆయన నన్ను చూపించి వాళ్లతో అన్నారు. "మా అల్లుడుగారు బండేసుకుని ఎనకాలే వచ్చేరు. ఆటో ఎక్కడ ఆగిపోద్దో, నాకు కళ్లు ఎక్కడ తిరుగుతాయో అని. నెమ్మదిగా, అలాగ కాపలా కాసుకుంటా వచ్చేరు."

పక్కింటావిడ నన్ను మెచ్చుకుంది. పెద్దవాళ్లని అంత బాగా చూసుకునే అల్లుళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారంది. నేను కాదనలేదు. నవ్వాను. ఆ నవ్వు మొహం మీద ఎలా అతుక్కుందో, చెంపలు ఎలా లాగాయో ఇప్పటికీ గుర్తుంది. కారు తాళాలు చేతిలో ఆడించుకుంటూ లోపలికి వెళ్లిపోయాను.

గుమ్మంలోంచి లోపలికెళ్లిపోయిన మా ఆవిడ వంటింట్లో స్టవ్వు మీద నీళ్లు పెడుతోంది. చీర అంచు దుమ్ముకొట్టుకుపోయి ఉంది. ఏదో ఒకటి అంటుందని నిలబడ్డాను. తిడితే బాగుండు అనిపించింది. ఆవిడ తిట్టలేదు.

"ఎన్నయ్యేయి?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు.

"కిలోమీటర్లు. ఈవేళ ఎన్ని తిరిగింది?"

ఆవిడ నీళ్లు దించుకుని తండ్రి మొహం తుడవడానికి వెళ్లింది.

మర్నాడు కట్టు విప్పించడానికి మళ్లీ అనకాపల్లి వెళ్లాలి. పొద్దున్నే నేనే కారు తుడిచి, తలుపు తీసి పెట్టి, రండి పోదాం అన్నాను. మా ఆవిడ చెప్పులేసుకుంటూ, వద్దండీ, మీ బండి పాడైపోద్ది అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే బండి గురించి ఆలోచించి చెప్తున్నట్టు ఉంది. వాళ్లిద్దరూ వీధి చివరికి నడిచి వెళ్లిపోయారు, ఆయన చెయ్యి ఆవిడ భుజం మీద. నేను తీసిన తలుపు మళ్లీ వేశాను. ఆ రోజు కారు కదపలేదు. కదపకుండా కూర్చోవడం కూడా ఏదో త్యాగంలా అనిపించింది కాసేపు. అలా అనిపించినందుకు నా మీద నాకు ఇంకా వెగటు పుట్టింది.

మావగారి కన్ను బాగైంది. దేవుడి దయో, డాక్టరు పనితనమో, ఆ దుమ్ము దాన్ని ఏమీ చెయ్యలేదు. చూపు ఇంకా పూర్తిగా కుదుటపడాలని, మందులు వెయ్యడానికి కూతురు దగ్గరుంటుందని మూడు వారాలు మా ఇంట్లోనే ఉన్నారు. వచ్చిన ప్రతి చుట్టానికీ కాపలా కథ చెప్పారు. చెప్పినప్పుడల్లా అందులో నేను కాస్త పెద్దవాణ్నయ్యేవాణ్ని. ఒకసారి ఆటోవాడు దారి మధ్యలో జనాన్ని దించుతుంటే నేనూ ఆగానన్నారు. మా ఆవిడ ఆ కథ మొదలవగానే లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. నేను వెళ్లలేక, అక్కడే కూర్చుని వినేవాణ్ని.

ఈలోగా కారు పొగ వదలడం మొదలుపెట్టింది. నీలి పొగ. మొదట పొద్దున్న స్టార్టు చేసినప్పుడే వచ్చేది, తరవాత రోడ్డు మీద కూడా. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే సగానికి పడిపోయింది. సైలెన్సరు మూతిలో వేలు పెడితే జిడ్డుగా, నల్లగా అంటుకుంది. ఆ తొట్టిలోని ముద్ద గుర్తొచ్చి చెయ్యి చాలాసేపు కడుక్కున్నాను. తొమ్మిదొందల కిలోమీటర్లు కూడా కాలేదు. మెకానిక్కు మోసం చేశాడని, పాత రింగులే మళ్లీ వేసేశాడని నాలో నేను తేల్చేసుకుని, దెబ్బలాటకి సిద్ధపడి షెడ్డుకి వెళ్లాను.

ఆయన నా మాటలన్నీ విన్నాడు. ఎలా తోలారో చెప్పమన్నాడు. గర్వంగానే చెప్పాను. నలభై దాటలేదని, ఒక్క మనిషిని కూడా ఎక్కించలేదని, రోజూ పొద్దున్న ఇరవై నిమిషాలు ఊరికే ఆడించి వేడి చేశాకే తీశానని. చెప్తుంటే ఆయన మొహంలో, టేపు ముక్క వేలి మీద పెట్టుకున్నప్పటి చూపు మళ్లీ వచ్చింది.

"ఎవుల్నీ ఎక్కించలేదా?"

"మీరే కదా బరువు వద్దన్నారు."

"బరువంటే బరువులు సెప్పేను మేస్టారూ. మనుసులు బరువని నాను సెప్పేనేటి?"

తరవాత ఆయన విడమరిచి చెప్పాడు. ఇంజిను కాస్త కష్టపడితేనే లోపలి ఒత్తిడికి రింగులు గోడకి అదుముకుని, ఆ గరుకు మీద అరిగి కుదురుకుంటాయి. ఖాళీ బండిని నలభైలో పాకించి, నిలబెట్టి ఆడించి, నేను రింగుల్ని గోడకి తగలనివ్వలేదు. ఆ సన్నటి గీతల మీద ఆయిలు మాడి పేరుకుపోయి, గోడ అద్దంలా నున్నగా అయిపోయి ఉంటుంది. ఇప్పుడింక రింగులు జారిపోవడమే కానీ పట్టవు. ఆయిలు వాటి సందుల్లోంచి పైకెక్కి కాలిపోతోంది. అదే ఆ పొగ. ముందు పట్టించుకోక చంపారు, ఇప్పుడు ముద్దు చేసి చంపుతున్నారు అన్నాడు. ఆయిలు మార్చి, బండి నిండా మనుషుల్ని ఎక్కించుకుని ఎత్తుపల్లాల రోడ్డు మీదికి పొమ్మన్నాడు. మూడో గేరులో గట్టిగా నొక్కి అరవై దాకా లాగాలి, కాలు తీసి బండిని దానంతటదే తగ్గనివ్వాలి, మళ్లీ నొక్కాలి. అలా వందసార్లు. దారికొస్తే వస్తుంది, లేకపోతే మళ్లీ విప్పాల్సిందే.

నేను షెడ్డు బయట నిలబడ్డాను. ఎదురుగా ఒక ఆటో ఆగి జనాన్ని ఎక్కించుకుంటోంది. ఆ శనివారం వాళ్లిద్దర్నీ కారులో ఎక్కించుకుని అరవైలో వచ్చి ఉంటే, ఆ ఇంజినుకే మేలు జరిగేది. నేను చేసిన నీచపు పని ఆ ఇనుప దిమ్మకి కూడా పనికి రాలేదు. దేనికీ పనికి రాలేదు. నోట్లో ఏదో చేదు ఊరింది. అక్కడే రోడ్డు పక్కన ఉమ్మేశాను.

మావగారు ఊరికి బయలుదేరే రోజు వచ్చింది. కారులో దింపుతానన్నాను. మా ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది. బండి పొగ వదులుతోందనీ, మనుషుల్ని ఎక్కించమని మెకానిక్కు చెప్పాడనీ దాచకుండా చెప్పేశాను. అదీ చెప్పకపోతే ఇంకో అబద్ధమయ్యేది. ఓహో, మేం బరువుకా, అంది. అని, సామాను సర్దింది. మావగారు చెరుక్కి వెయ్యడానికి రెండు ఎరువు బస్తాలు కొనుక్కున్నారు, అవి డిక్కీలో వేశాను. ఆయన ముందు సీట్లో, నల్లకళ్లద్దాలు పెట్టుకుని. ఆవిడ వెనక. ఎరువు వాసన కారంతా నిండిపోయింది.

దేవరాపల్లి దాకా నేను నొక్కుతున్నాను, వదులుతున్నాను. నొక్కినప్పుడల్లా ఇంజిను గుర్రుమని లాగుతోంది, వెనక పొగ. దేవరాపల్లి దాటి రైవాడ వైపు రోడ్డు కాస్త ఎత్తు ఎక్కే చోట, ఆయన బయటికి చూస్తూ, ఇంత మంచి బండిలో ఇంటికెళ్తున్నానంటే మా వోళ్లు నమ్మరు బాబూ, ఆ రోజు మీరు కాపలా వచ్చిన సంగతి కూడా సెప్పాలి అన్నారు.

ఇంక నా వల్ల కాలేదు. కాలు తీసేశాను. "మావయ్యా, ఆ రోజు నేను మీ వెనకాల రాలేదు," అన్నాను. "ఇంజిను తిప్పడానికి వచ్చాను. మిమ్మల్ని ఆటోలో చూసి కూడా ఆపలేదు. మీరు అందరికీ అలా చెప్తుంటే వినలేకపోతున్నాను."

బండి ఎత్తు మీద నెమ్మదించింది. వెనక మా ఆవిడ ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినబడింది.

"తెలుసు బాబూ," అన్నారు మావగారు. "ఒక కన్నే కదా కట్టేరు. రెండోదానికి బాగానే అగుపించింది."

మరెందుకలా చెప్పారని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నారు.

"మీరు అరుగు ముందుకొచ్చి దిగేరు. అందరూ మీకేసే సూస్తన్నారు. అమ్మి గుమ్మంలో నిలబడింది. ఏటని సెప్పమంటారు మరి?"

అద్దంలో మా ఆవిడ మొహం చూడడానికి ధైర్యం చాల్లేదు. కాసేపటికి ఆయనే, బండి ఆగిపోయేలాగుంది, నొక్కండి అన్నారు. గేరు తగ్గించి నొక్కాను.

ఆయన ఆ తరవాత దారంతా మామూలుగానే మాట్లాడారు. ఎవరి చేను ఎప్పుడు కోశారు, ఎవరి చెరుక్కి తెగులు పట్టింది, ఇవే. నన్ను క్షమించినట్టూ లేదు, క్షమించనట్టూ లేదు. అల్లుడు ఇలాంటివాడే అని ఎప్పుడో తేల్చుకుని, దానికి తగ్గట్టు బతకడం నేర్చుకున్న మనిషిలా ఉన్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్టించుకోవడానికి కూడా నేను సరిపోలేదనిపించింది.

పొగ తగ్గడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆదివారాలు తెలుగు మాస్టార్నీ, ఆయన కుటుంబాన్నీ ఎక్కించుకుని కూడా ఆ ఎత్తు రోడ్డు మీద తిప్పాను. రన్నింగు అయిపోయిందా మేస్టారూ అని అడిగి ఎక్కారాయన. పొగ పూర్తిగా పోలేదు, ఇప్పటికీ బండి కాస్త ఆయిలు తింటుంది. మా ఆవిడ ఆ తరవాత ఎప్పుడూ నన్ను కారు అడగలేదు. నేను రమ్మంటే వస్తుంది, వెనక సీట్లో కూర్చుంటుంది. ముందు కూర్చోమని ఒకటి రెండుసార్లు అన్నాను. ఇక్కడ బాగానే ఉందండీ అంటుంది.

మావగారిని దింపిన ఆ రోజు వాళ్లింట్లో నాటుకోడి వండారు. నేను చెప్పాల్సింది చెప్పేశాను కదా, గొంతు దిగదనుకున్నాను. అలా జరిగి ఉంటే ఇక్కడ రాసుకోవడానికి బాగుండేది. అరటాకు ముందు కూర్చున్నాక బాగా ఆకలేసింది. ఆయన పక్కనే కూర్చుని, కొత్త కంటితో నా ఆకులోకి చూస్తూ, ఇంకొంచెం వెయ్యమని కోడలికి చెప్తూనే ఉన్నారు. రెండుసార్లు కూర వేయించుకుని, ఎముకలు కూడా వదలకుండా తిన్నాను.